పీసాలో సైడు కేరక్టరే హీరో!

‘జీన్స్’ (1998) పాటలో ఐశ్వర్యారాయ్ వెనకాల ఒరిగి నిలబడ్డ తెల్ల గోపురం గుర్తుందా? ఇటలీలోని పీసా ఊళ్ళో ఉందది. వెళ్ళిన ప్రతివాళ్ళూ చేతులు గాల్లో పెట్టి, దాన్ని పడిపోకుండా ఆపుతున్నట్టు ఫోటో దిగుతారు. తీరా చూస్తే అది పక్కనున్న కేథడ్రల్‌కి గంటల గోపురం మాత్రమే! అసలు హీరో 11వ శతాబ్దంలో మొదలైన ఆ కేథడ్రల్. పాపం, అందరూ దానికి వీపు చూపించేవాళ్ళే.

గోపురం పని మొదలైంది 1173లో. మూడంతస్తులు లేచేసరికే కింద మెత్తటి నేల కుంగింది. ఈలోగా యుద్ధాలొచ్చి పని దాదాపు నూరేళ్ళు ఆగింది. ఎంత పొడుగు ఇంటర్వెలో చూశారా! దాన్ని బతికించింది అదేనంటారు ఇంజనీర్లు. ఆ వ్యవధిలో నేల గట్టిపడిందట, లేకపోతే ఎప్పుడో కూలేదట.

అన్నట్టు, ఐశ్వర్య అక్కడ ఆడిన రోజుల్లో గోపురం తలుపులు మూసే ఉన్నాయి! ప్రమాదమని 1990లో మూసి, ఉత్తరం వైపు వందల టన్నుల సీసం పేర్చారు. తర్వాత ఆ వైపు అడుగునుంచి మట్టి తోడారు. సుమారు 45 సెంటీమీటర్లు వెనక్కి తెచ్చి, 2001 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. పూర్తిగా నిటారు చెయ్యలేదు సుమండీ! (చేస్తే టిక్కెట్టు ఎవరు కొంటారు?)

వెళితే మాత్రం కేథడ్రల్‌కి అవతలున్న గుండ్రటి బాప్తిస్మ మందిరం వదలకండి. 1260లో నికోలా పిసానో చెక్కిన పాలరాతి ప్రసంగ వేదిక అందులోనే ఉంది. అక్కడి ఉద్యోగి ఒకరు నడుమ నిలబడి రాగం తీస్తారు. ఆ గొంతే గోడలకు తగిలి తిరిగొచ్చి, తనకు తానే కోరస్ పాడుతుంది!