కంప్యూటరులో పాట తెగకుండుట ఎట్లు?



పాటను పట్టి దాచుకొను పని నేడు మిక్కిలి సులభమైనది. మనుమడు ఒక కంప్యూటరును, ఒక మైకును తెచ్చి మీ యెదుట పెట్టి, "పాడండి, తాతగారూ" యనును. మీరు పాడుదురు. ఆ పాట అందులో నిలిచిపోవును. కాని దానిని మరల వినునపుడు కొన్ని చోట్ల చిటుకు చిటుకుమని చప్పుడు వచ్చుటయు, మాట నడుమ ఒక యక్షరము ఎగిరిపోవుటయు కలదు. ఈ దోషమేల కలుగును? దీనిని మాన్పుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలే నేటి నా ప్రసంగమునకు విషయములు.

ఈ సంగతి నేను నష్టపడి నేర్చుకొంటిని. మా మేనత్తగారికి స్త్రీల పాటలు చాల వచ్చును. "ఊర్మిళాదేవి నిద్ర"ను పుస్తకము చూడకుండ మొదటినుండి తుదివఱకు పాడగలిగినది మా యింట ఆమె యొక్కతెయే. ఒక వేసవిలో ఆమెను కూర్చుండబెట్టి నా ల్యాప్‌టాపులో ఆ పాటను పట్టితిని. ఆమె అలసటను లెక్కసేయక పాడినది. పాట ముగియగానే, వినిచూడక, యంత్రమును మూసివేసితిని. నెల దినముల పిమ్మట తెఱచి వినగా అంతటను చిటుకులు. రెండు చరణములలో మాటలే తెలియరాలేదు. మరల పాడింతమని అనుకొనుచుండగనే ఆమె కాలము చేసినది. ఆమె పాడిన తీరున ఆ రెండు చరణములు ఇక మా యింట లేవు.

నా యంత్రము పాతది కాదు. అందు లెక్కలు చేయు ముఖ్యాంగమునకు ప్రాసెసరు అని పేరు. అది సెకనునకు 300 కోట్ల సారులు కొట్టుకొనునది. కంప్యూటరు ధ్వనిని అంకెల రూపమున పట్టును; నేను వాడిన పద్ధతిలో సెకనునకు 48,000 సారులు ధ్వనిని కొలిచి ఆ అంకెలను దాచును. 1982లో బజారునకు వచ్చిన కాంపాక్టు డిస్కులో ఈ సంఖ్య 44,100. లెక్క వేసి చూడుడు. ఒక కొలతకును మఱొక కొలతకును నడుమ నా ప్రాసెసరునకు 62,500 కొట్టుకొనుల వ్యవధి కలదు. కావున వేగము చాలలేదనుటకు వీలులేదు. మఱి పాట ఏల తెగినది?

మీ రెఱిగిన ఏతమును తలచుకొనుడు. ఏతము త్రొక్కువాడు నీరు తోడి తొట్టిలో పోయును. తొట్టినుండి కాలువ చేనికి సాగును. వాడు గడియలో తోడు నీరు కావలసినదానికి రెట్టింపు కావచ్చును. ఐనను నడుమ ఒక కునుకు తీసినచో, తొట్టిలోని నీరు తీరువఱకు మేలుకొననిచో, కాలువ తెగిపోవును. దినమంతయు కలిపి ఎంత తోడినాడను లెక్క ఆ క్షణమున పనికిరాదు. ధ్వనికి కావలసినది ఒట్టి వేగము కాదు, వేళ తప్పకుండుట.

కంప్యూటరులోను ఇట్టి తొట్టి యొకటి కలదు. దానిని బఫరు అందురు. పాట వినిపించునపుడు ప్రాసెసరు దానిని నింపుచుండవలెను. పాట పట్టునపుడు వ్యవహారము తలక్రిందు: మైకునుండి వచ్చు ధ్వని తొట్టిలో పడుచుండును, ప్రాసెసరు ముంచి దాచుచుండవలెను. కునికినచో తొట్టి పొర్లి నీరు నేలపాలగును. వినిపించునపుడు తెగిన పాటను మరల వినవచ్చును. పట్టునపుడు పొర్లిపోయినది మరల రాదు.

ఈ భేదమును కనుగొనుటకు సులభమైన పరీక్ష కలదు. పాటను రెండు మాఱులు వినుడు. చిటుకు ప్రతి మాఱును అదే మాటయొద్ద వచ్చినచో దోషము పట్టిన పాటలోనే యున్నది. చోటు మారుచుండినచో పాట క్షేమము. వినిపించు పనిలోనే లోపము.

ఇక ప్రాసెసరు కునుకుట యేల? విద్యుత్తు పొదుపు కొఱకు దాని నట్లు కల్పించిరి. పని తక్కువైనపుడు వేగము తగ్గించుకొనును; పని లేనపుడు తనలోని కొన్ని భాగములను ఆర్పుకొని నిద్రించును. నిద్ర ఎంత గాఢమో మేలుకొనుట అంత ఆలస్యము. ఆ యాలస్యము సాధారణముగా సెకనులో వేయవ వంతునకు లోబడియే యుండును. కాని అదే సమయమున మఱొక పని వచ్చి ప్రాసెసరును పట్టుకొని వదలనిచో, రెండును కూడి చిన్న తొట్టిని పొర్లించును.

దిద్దుబాటులు నాలుగు. మొదటిది విద్యుత్ పొదుపు ఏర్పాటు. విండోసు కంప్యూటరులో కంట్రోల్ ప్యానెలునందు పవర్ ఆప్షన్స్ అను చోట "బ్యాలెన్స్‌డ్" అని యుండును. పాట పట్టునపుడు దానిని "హై పెర్ఫార్మెన్స్"గా మార్చవలెను. కొన్ని క్రొత్త ల్యాప్‌టాపులలో ఈ పేరు కనబడదు. వానియందు సెట్టింగ్సులోని పవర్ మోడును "బెస్ట్ పెర్ఫార్మెన్స్"గా నుంచవలెను. లినక్సు వాడువారు ప్రాసెసరు గవర్నరును "పెర్ఫార్మెన్స్" చేసికొందురు. ల్యాప్‌టాపును చార్జరునకు తగిలించియే యుంచవలెను. బ్యాటరీమీద నడచునపుడు పొదుపు హెచ్చు.

రెండవది, ఇతరమైన పనులను ఆపుట. వైఫై, బ్లూటూతులను ఆర్పవలెను. తమంతట తామే జరుగు అప్‌డేటులను, వైరసు వెదకుటలను ఆ గంటకు వాయిదా వేయవలెను.

మూడవది తొట్టి పరిమాణము. పాట పట్టు సాధనమున బఫరు సైజు అను అంకె యుండును. 256 అని పెట్టినచో, సెకనునకు 48,000 కొలతల లెక్కన, తొట్టి సెకనులో వేయవ వంతులు ఐదింటికి కొంచెము మించిన కాలమునకే చాలును. 1,024 అనినచో ఇరువదియొక్క వంతులకు చాలును. పెద్ద తొట్టిలో నీరు ఆలస్యముగా చేరునట్లు, పాడువారు తమ కంఠమును కంప్యూటరు ద్వారా చెవిలో వినుచు పాడినచో వెనుకబాటు తోచును. ఊరక పాడి దాచుకొనువారికి ఈ చిక్కు లేదు. పెద్ద అంకెయే మేలు.

నాలుగవది వేడి. ప్రాసెసరు మిక్కిలి వేడెక్కినచో తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. యంత్రమును పరుపుమీద పెట్టక, గాలి ఆడునట్లు బల్లమీద పెట్టవలెను.

ఈ నాలుగును చేసినను చిటుకులు పోనిచో, బయోసు అను మూలపు ఏర్పాటులో "సి-స్టేట్స్" అను నిద్రలను ఆపివేయు వీలు కొన్ని యంత్రములలో కలదు. అది తెలిసినవారే చేయదగినది. చేయుటకు ముందు పాత ఏర్పాటును కాగితముమీద వ్రాసికొనవలెను. పని ముగిసిన పిదప మార్చినవన్నియు మరల మొదటి స్థితికి తేవలెను. లేనిచో యంత్రము ఊరక వేడెక్కును, విద్యుత్తు వృథా యగును.

ఈ మార్పులు చేసి, అదే ల్యాప్‌టాపుతో, మా చిన్న మేనత్తగారిచేత పాడించితిని. గంట పాటలో ఒక్క చిటుకు లేదు. యంత్రము మారలేదు, దాని నడవడి మాత్రమే మారినది. అయితే ఆమెకు "ఊర్మిళాదేవి నిద్ర" సగమే వచ్చును.

కావున పెద్దలకు నా విన్నపము ఇది. మీ పిల్లలు మైకు పట్టుకొని వచ్చినపుడు వెంటనే పాడకుడు. "పొదుపు మార్చితివా? తక్కిన పనులు ఆపితివా? తొట్టి పెద్దది చేసితివా?" అని అడుగుడు. మొదట రెండు నిమిషములు పాడి, దానిని వినిపించుమనుడు. శుభ్రముగా వినబడిన పిమ్మటనే అసలు పాట ఎత్తుకొనుడు. పాట ముగిసిన వెంటనే, మీరు లేచిపోకమునుపే, అంతయు వినిపింపజేసికొనుడు. చెడిన చరణమును మరల పాడుటకు మీరు ఎదుట నుండవలెను గదా.