ట్యాంకులో సంచి, మైలేజీలో తేడా

హైబ్రిడ్ కారు కొన్నవారు మైలేజీని మిగతావారికంటే శ్రద్ధగా గమనిస్తారు. అదనపు ధర పెట్టింది అందుకే కదా. అయితే చాలామంది ఫ్యుయల్ గేజిలో రెండు గడులు తగ్గేలోగా ఎన్ని కిలోమీటర్లు తిరిగారో చూసి, బండి బాగా ఇస్తోందో లేదో తేల్చేస్తుంటారు. బంకుకు ఎప్పుడు వెళ్లాలో చెప్పడమే గేజి పని. లీటర్ల లెక్క దాన్ని అడిగితే అన్యాయమే.

మామూలు ట్యాంకులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. పెట్రోలు మట్టం తగ్గేకొద్దీ దాని కాడ కిందికి వాలుతుంది, దాంతో విద్యుత్ నిరోధం మారుతుంది, గేజి ఆ మార్పును చదువుతుంది. అంటే అది కొలిచేది ఎత్తును, చూపేది పరిమాణాన్ని. కారు అడుగున దొరికిన చోట ఇమడాలి కాబట్టి ట్యాంకు వంకరటింకరగా ఉంటుంది. పైన అంగుళం మందాన ఉన్న పెట్రోలూ, అడుగున అంగుళం మందాన ఉన్న పెట్రోలూ సమానం కావు. ఘాట్ రోడ్డెక్కితే పెట్రోలంతా ఒక పక్కకు చేరుతుంది. రీడింగు ఊగిపోకుండా తయారీదారులు దాన్ని కావాలనే నెమ్మదిగా మారేలా చేస్తారు. ‘ఖాళీ’ అని చూపాక కూడా కొంత మిగిలేలా అమరుస్తారు.

అమెరికాలో 2004 నుంచి 2009 మోడల్ వరకు అమ్మిన రెండో తరం టయోటా ప్రియస్‌లో ఈ చిక్కు మరింత ముదిరింది. 45 లీటర్ల ఉక్కు ట్యాంకు లోపల మెత్తటి రెసిన్ సంచి ఒకటి ఉండేది. పెట్రోలు వాడేకొద్దీ అది పాల ప్యాకెట్‌లా ముడుచుకుపోయేది. దానికి బలమైన కారణమే ఉంది. మామూలు కార్లలో పెట్రోలు ఆవిరిని బొగ్గు నింపిన డబ్బా పట్టి ఉంచుతుంది, ఇంజన్ తిరిగేటప్పుడు దాన్ని పీల్చుకుని కాల్చేస్తుంది. హైబ్రిడ్‌లో ఇంజన్ మాటిమాటికీ ఆగుతుంది కాబట్టి ఆ డబ్బా ఖాళీ అయ్యే అవకాశం తగ్గుతుంది. ఆవిరికి అసలు చోటే లేకుండా చేయడానికి సంచి పెట్టారు. గాలిని కాపాడే పనిని అది చక్కగా చేసింది, కొలతను మాత్రం దెబ్బతీసింది. రూపం మారే సంచిలో ఎత్తుకూ పరిమాణానికీ నిలకడైన సంబంధం ఉండదు. పైగా చలికి సంచి బిగుసుకుంటుంది. 25 డిగ్రీల వాతావరణంతో పోలిస్తే మైనస్ 10 డిగ్రీల వద్ద ట్యాంకులో దాదాపు 5 లీటర్లు తక్కువ పట్టేవి. షికాగో చలికాలంలో ‘ఫుల్ ట్యాంక్’ అంటే ఎంతో ఆ కారుకే స్పష్టంగా తెలియదు. 2010 మోడల్‌లో సంచిని తీసేశారు.

ఇప్పుడు ట్యాంకు నింపి మైలేజీ లెక్కగట్టే పద్ధతిని చూద్దాం. కారు 700 కిలోమీటర్లు తిరిగి నిజంగా 35 లీటర్లు తాగిందనుకోండి. అసలు మైలేజీ 20. కానీ ఈసారి నాజిల్ తొందరగా కట్ అయి 32 లీటర్లే పట్టాయి, లెక్కలో 21.9 వస్తుంది. ఇంకోసారి 38 పడితే 18.4. అదే కారు, అదే రోడ్డు! ఊరట ఏమిటంటే, ఈ పొరపాటు పేరుకుపోదు. ఈసారి తక్కువ పట్టిన మూడు లీటర్లు వచ్చేసారి ఎక్కువగా పడతాయి. పదిసార్లు నింపిన పెట్రోలునంతా కూడి, మొత్తం దూరాన్ని దానితో భాగిస్తే, మిగిలేది మొదటి ఫుల్ ట్యాంకుకూ చివరి ఫుల్ ట్యాంకుకూ మధ్య తేడా మాత్రమే. 350 లీటర్లలో మూడు లీటర్లు ఒక శాతం కన్నా తక్కువ. తెర మీద కనిపించే సగటు మైలేజీ గేజి నుంచి వచ్చేది కాదు. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో లెక్కగట్టి కంప్యూటర్ దాన్ని తేలుస్తుంది. అదీ ఎంతవరకు నిజమో ఈ పదిసార్ల కూడికతో సరిచూసుకోవచ్చు.

బ్యాటరీలో మిగిలిన చార్జి ఈ లెక్కను పాడుచేస్తుందేమోనని కొందరి అనుమానం. ఆ ప్రియస్ బ్యాటరీ మొత్తం సామర్థ్యం, కరెంటు బిల్లు భాషలో, 1.3 యూనిట్లు. కంప్యూటర్ అందులో సగం కూడా వాడనివ్వదు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటే, ఇంజన్ దాంట్లో మూడో వంతును పనిగా మారుస్తుంది. కాబట్టి బ్యాటరీ తేడా విలువ లీటరులో ఐదారో వంతు. ఒక ట్యాంకు మీద అది లెక్కలోకి రాదు.

అసలు తేడా తెచ్చేది వాతావరణమూ, ప్రయాణం పొడవూ. అమెరికా పర్యావరణ సంస్థ ఈ కారుకు మొదట గ్యాలనుకు సిటీలో 60, హైవేలో 51 మైళ్లని ప్రకటించింది. 2008 మోడళ్ల నుంచి అధిక వేగం, ఏసీ, మైనస్ 7 డిగ్రీల చలిని కూడా లెక్కలోకి తీసుకున్నాక అవి 48, 45కు దిగాయి. కారు మారలేదు, పరీక్ష మారింది. చలిలో చిన్న ప్రయాణమైతే, బ్యాటరీతో నడవగల చోట కూడా పొగను శుభ్రపరిచే ఉత్ప్రేరకం వేడెక్కడానికి ఇంజన్ తిరగాల్సిందే. అందుకే ఆ ప్రియస్‌లో మూడు లీటర్ల వేడి కూలెంట్‌ను దాచే ఫ్లాస్కు ఉండేది. ఇంజన్ స్టార్టయ్యే ముందు దాని వేడి ఇంజన్‌కు అందేది.

మన దగ్గర గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు ప్రకటించిన లీటరుకు 27.97 కిలోమీటర్లు కూడా ప్రయోగశాల అంకే. దానికి తోడు ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చింది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే. ఈ10 నుంచి ఈ20కి మారితే లీటరులో శక్తి మూడు శాతం పైగా తగ్గుతుంది. ఒకే కాలంలో, ఒకే దారుల్లో తిరిగినప్పటి లెక్కలు రాసిపెట్టుకుంటే, పదిసార్ల కూడికలో ఆ మూడు శాతం కనబడుతుంది. గేజిలో అది ఒక గడిలో సగం కూడా కాదు.