గుర్రపు స్వారీ శిక్షణ

గుర్రపు స్వారీ శిక్షణ అనగా గుర్రముపై సమతూకముగా కూర్చొని పగ్గములు, కాళ్ళు, శరీరపు బరువు, కంఠస్వరముల ద్వారా దానిని నడిపించుట నేర్చుకొనుట. ఒక గుర్రముపై బాగా స్వారీ చేయగలవారు కూడా కొత్త గుర్రమును ఎక్కినపుడు కొంతవరకు మొదటి నుండి నేర్చుకొనవలసి ఉంటుంది. క్రింద పడుట ఈ విద్యలో తరచుగా ఎదురయ్యే ప్రమాదము. కనుక పడిన తరువాత ఏమి చేయవలెనో తెలిసియుండుట కూడా శిక్షణలో భాగమే. హైదరాబాదులోని సర్దార్ వల్లభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. అధికారులకు ఇచ్చే ప్రాథమిక శిక్షణలో గుర్రపు స్వారీ ఒక అంశము.

గుర్రము స్వభావము

గుర్రము ప్రకృతిలో ఇతర జంతువులచే వేటాడబడే జంతువు. ఆపదను శంకించినపుడు పారిపోవుట దాని సహజ రక్షణ. కళ్ళు తలకు ఇరువైపులా ఉండుట వలన తల తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. అయితే నుదుటికి సరిగ్గా ఎదురుగాను, తోక వెనుకను ఉన్నవి దానికి కనబడవు. అందువలన భుజము వైపు నుండి, మాట్లాడుతూ దానిని సమీపించవలెను. చెవులను మెడకు ఆనించినట్లు వెనుకకు వాల్చుట కోపమునకు గుర్తు. గుర్రముతో ఎన్నడూ కోపముతో వ్యవహరించరాదని క్రీ.పూ. 4వ శతాబ్దములోనే గ్రీకు రచయిత జెనోఫోన్ తన అశ్వశిక్షణ గ్రంథములో సూచించాడు.

కొత్త గుర్రముతో పరిచయము

ఒక గుర్రము కాలి స్పర్శకే కదులుతుంది; మరొకదానికి గట్టిగా ఒత్తిడి ఇవ్వవలసి ఉంటుంది. పాత గుర్రమునకు అలవాటైన సంకేతము కొత్తదానిని బెదరగొట్టవచ్చును. కనుక ముందుగా నేలపైనే దానిని చేతితో నడిపించి, ఆపి, త్రిప్పి చూడవలెను. జీను బిగించేటపుడు కొన్ని గుర్రములు పొట్టను బిగబట్టుతాయి. అందుచేత కొద్దిసేపు నడిపించిన తరువాత జీను పట్టీని మరల సరిచూడవలెను. మొదటి స్వారీ కంచె ఉన్న ఆవరణలో, నడకతో ప్రారంభించవలెను. ఆగుట, మలుపు తిరుగుట కుదిరిన తరువాతనే రెండు తాళముల పరుగైన ట్రాట్, ఆ పిమ్మట మూడు తాళముల కాంటర్ అభ్యసించవలెను.

పడుటకు కారణములు

గుర్రము బెదరి ప్రక్కకు దూకుట, వెనుక కాళ్ళు ఎగురవేయుట, అడ్డంకి ముందు హఠాత్తుగా ఆగిపోవుట, కాలు తడబడుట ముఖ్య కారణములు. భయపడిన రౌతు ముందుకు వంగి మడమలతో గట్టిగా పట్టుకుంటాడు. దీనిని గుర్రము వేగము పెంచుమనే ఆజ్ఞగా గ్రహించి మరింత పరుగెత్తుతుంది. పాదము రికాబులో చిక్కుకొనుట అన్నిటికంటే ప్రమాదకరము. గుర్రము రౌతును ఈడ్చుకొనిపోగలదు. అందుకే చిన్న మడమ ఉన్న బూట్లు ధరించి, పాదపు ముందు భాగమును మాత్రమే రికాబులో ఉంచవలెను. పడేటపుడు చేయి చాచి నేలకు ఆనించినచో మణికట్టు విరుగవచ్చును. పగ్గములు వదలి, శరీరమును ముడుచుకొని, గిట్టలకు దూరముగా దొర్లుట మేలు.

రక్షణ సామగ్రి

2008 ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్న అమెరికా క్రీడాకారిణి కోర్ట్నీ కింగ్-డై 2010 మార్చి 3న శిక్షణ ఇస్తున్న గుర్రము తడబడి పడిపోవుటచే తలకు తీవ్ర గాయమై కోమాలోకి వెళ్ళింది. అప్పుడు ఆమె హెల్మెట్ ధరించలేదు. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2021 నుండి తన డ్రస్సాజ్ పోటీలలో కూడా హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. అయితే హెల్మెట్ మెడను కాపాడలేదు. సూపర్‌మ్యాన్ చిత్రముల నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995 మే 27న వర్జీనియాలో జరిగిన పోటీలో గుర్రము అడ్డంకి ముందు ఆగిపోవుటచే పడినపుడు హెల్మెట్ ధరించియే ఉన్నాడు. మెడ ఎముకలు విరిగి మెడ క్రింది శరీరమంతా చచ్చుబడిపోయింది. ఒకసారి బలముగా దెబ్బ తగిలిన హెల్మెట్, పైకి బాగుగా కనిపించినా, దానిని మార్చవలెను.

పడిన తరువాత

పడిన వెంటనే తిరిగి ఎక్కవలెననేది స్వారీలో పాత నియమము. తలకు దెబ్బ తగిలినచో ఇది ప్రాణాపాయము కావచ్చును. తలనొప్పి, వాంతి, మతిమరపు, తికమక, చూపు మసకబారుట మెదడు దెబ్బతిన్నదనుటకు లక్షణములు. ఇవి కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చును. ఇటువంటివారు వైద్యుడు అనుమతించే వరకు స్వారీ చేయరాదు. మెడ లేదా వెన్ను నొప్పి, కాళ్ళు చేతులలో తిమ్మిరి ఉన్నవారిని కదిలించరాదు. శ్వాసకు ఆటంకము లేనిచో హెల్మెట్ కూడా తీయరాదు. తెలుగు రాష్ట్రములలో 108కి ఫోను చేసి అంబులెన్సును పిలువవచ్చును.

గాయము లేకున్నా భయము మిగులుతుంది. ఇది పిరికితనము కాదు, సహజమైన స్పందన. ముందుగా పడుటకు కారణము తెలుసుకొనవలెను. జీను సరిపోకపోవుట, వెన్ను లేదా పళ్ళ నొప్పి వలన కూడా గుర్రము ఎదురు తిరుగవచ్చును. ఆ లోపమును సరిచేసిన తరువాత, శిక్షకుని సమక్షములో, అవసరమైతే మరొక నెమ్మదైన గుర్రముపై నడకతో మరల మొదలుపెట్టుట మంచిది.