సమాచార హక్కు: పంచాయతీ కార్యాలయం జవాబివ్వకపోతే ఎన్ని రోజుల్లో ఎక్కడికి వెళ్లాలి?

పంట నష్టం జాబితాలో మీ పేరు ఎందుకు రాలేదో తెలుసుకోవాలి. లేదా ఊరి కాలువ పూడికతీతకు పంచాయతీ ఎంత ఖర్చు రాసిందో చూడాలి. అడిగితే "రేపు రండి", "సారు లేరు" అంటారు. అప్పుడు చాలామంది రైతులు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతారు. అంతవరకు బాగానే ఉంటుంది. జవాబు రాకపోతే మాత్రం నెలల తరబడి ఎదురుచూస్తారు. ఈలోగా అప్పీలు గడువు దాటిపోతుంది. జవాబు రాకపోయినా గడువు మాత్రం నడుస్తూనే ఉంటుందని ముందుగా గుర్తుంచుకోండి.

మొదటి 30 రోజులు

గ్రామ పంచాయతీలో సాధారణంగా పంచాయతీ కార్యదర్శే పౌర సమాచార అధికారి. దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా ఆయన సమాచారం ఇవ్వాలి, లేదా కారణం చూపి తిరస్కరించాలి. ఏ జవాబూ ఇవ్వకుండా 30 రోజులు గడిస్తే, చట్టం దానిని తిరస్కరణగానే లెక్కిస్తుంది. అంటే 31వ రోజు నుంచి మీరు అప్పీలుకు వెళ్లవచ్చు. "ఇవ్వం" అని కాగితం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

దరఖాస్తు రుసుం గ్రామస్థాయి కార్యాలయాల్లో లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైస్థాయిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే ఎక్కడా చెల్లించనక్కర్లేదు. జిరాక్సు కాపీల ఖర్చు కట్టమని లేఖ వస్తే వెంటనే కట్టండి. లేఖ పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడిచిన కాలం 30 రోజుల లెక్కలోకి రాదు.

"ఇది మా శాఖది కాదు" అని దరఖాస్తు తిప్పి పంపే అధికారం కార్యాలయానికి లేదు. సంబంధిత కార్యాలయానికి 5 రోజుల్లోగా వాళ్లే బదిలీ చేసి, ఆ సంగతి మీకు తెలపాలి.

మొదటి అప్పీలు: మరో 30 రోజులు

జవాబు రాకపోతే గడువు ముగిసిన రోజు నుంచి, వచ్చిన జవాబు నచ్చకపోతే అది అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. ఇది పౌర సమాచార అధికారికన్నా పైస్థాయి అధికారికి వెళ్తుంది. ఆయన ఎవరో తిరస్కరణ లేఖలోనే రాయాలి. లేఖ రాకపోతే కార్యాలయంలోని సమాచార హక్కు బోర్డు చూడండి, లేదా మండల పరిషత్ కార్యాలయంలో అడగండి.

ఆ అధికారి 30 రోజుల్లో తేల్చాలి. కారణాలు రాసిపెట్టి 45 రోజుల వరకు తీసుకోవచ్చు.

రెండో అప్పీలు: 90 రోజులు

అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. మొదటి అప్పీలుపై ఉత్తర్వు అందిన రోజు నుంచి, లేదా ఉత్తర్వు రావాల్సిన రోజు నుంచి 90 రోజుల గడువు ఉంటుంది. కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో చట్టం చెప్పలేదు. కాబట్టి మీ వైపు నుంచి ఆలస్యం లేకుండా చూసుకోండి.

తేదీలతో చూద్దాం

మీ దరఖాస్తు జూన్ 2న అందిందనుకుందాం.

• జూలై 2: జవాబు ఇవ్వాల్సిన చివరి రోజు
• ఆగస్టు 1: జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు చివరి రోజు
• మీరు జూలై 10న అప్పీలు అందించారనుకుంటే, ఆగస్టు 9: అది తేలాల్సిన రోజు (కారణాలు రాస్తే ఆగస్టు 24)
• నవంబర్ 7: రెండో అప్పీలుకు చివరి రోజు. ఆగస్టు 9 నుంచే 90 రోజులు లెక్కవేసుకుంటే ఇబ్బంది ఉండదు.

గడువు దాటిపోతే?

తలుపులు పూర్తిగా మూసుకుపోవు. తగిన కారణం ఉందని నమ్మితే ఆలస్యమైన అప్పీలును కూడా స్వీకరించే అధికారం పై అధికారికి, కమిషన్‌కు ఉంది. ఆసుపత్రి కాగితాలు, వరద వల్ల రాకపోకలు ఆగిన రుజువు వంటివి జతచేసి, ఆలస్యానికి కారణం అప్పీలులోనే రాయండి. అయితే ఒప్పుకోవడం వాళ్ల విచక్షణ. దానిమీద ఆధారపడకండి.

ఫిర్యాదు వేరు, అప్పీలు వేరు

ఎక్కువమంది ఇక్కడే నష్టపోతున్నారు. దరఖాస్తు తీసుకోకపోయినా, గడువులో జవాబివ్వకపోయినా సెక్షన్ 18 కింద నేరుగా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దీనికి చట్టంలో ప్రత్యేక గడువు పెట్టలేదు. అందుకే "ఫిర్యాదు పెట్టాం, సరిపోతుంది" అనుకుంటారు. కానీ సెక్షన్ 18 ఫిర్యాదుపై కమిషన్ సిబ్బందికి జరిమానా వేయగలదే తప్ప, మీకు సమాచారం ఇమ్మని ఆదేశించలేదని సుప్రీంకోర్టు 2011లో మణిపూర్ కేసులో తేల్చింది. కాగితాలు చేతికి రావాలంటే సెక్షన్ 19 కింద అప్పీలే దారి. ఫిర్యాదు పెట్టినా సరే, అప్పీలు గడువు వదులుకోవద్దు.

సిబ్బందికి శిక్ష ఏమిటి?

సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన పౌర సమాచార అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 రూపాయల వరకు జరిమానా వేస్తుంది. ఇది ఆయన సొంతంగా కట్టాల్సిందే. తన తప్పు లేదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కూడా ఆయనదే. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి కాపీల ఖర్చు మీ దగ్గర తీసుకోకూడదు.

లెక్కల్లో అక్రమం బయటపడితే దానిపై చర్య ఈ చట్టం కింద రాదు. మీకు వచ్చిన కాపీలను జతచేసి జిల్లా పంచాయతీ అధికారికి, లేదా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇవ్వండి. చేతిలో కాగితం ఉంటే మీ మాటకు బలం వస్తుంది.

ఈ 4 పనులు మరచిపోవద్దు

1. దరఖాస్తు నేరుగా ఇస్తే రెండో ప్రతిపై తేదీ, ముద్ర, సంతకం తీసుకోండి.
2. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, అందినట్లు రుజువు దాచుకోండి.
3. ఇచ్చిన రోజే ఇంట్లో క్యాలెండర్‌పై 30వ రోజు, 60వ రోజు గుర్తు పెట్టుకోండి.
4. "ఇంకో వారం ఆగండి" అని నోటిమాటగా చెబితే ఆగకండి. ఆ మాట వల్ల మీ గడువు ఒక్క రోజు కూడా పెరగదు.