కష్టకాలమున ఇంటి మూగజీవులు

ఆదాయము తగ్గినపుడు గృహస్థు మొదట పండుగ బట్టలు మానును. పిదప పాలు తగ్గించును. బడి జీతమునకు మాత్రము ఎట్లో సర్దుకొనును. ఈ లెక్కలలో ఎక్కడను కనబడని ప్రాణి యొకటి అనేక గృహములలో నుండును. అది వాకిట పరుండు కుక్క కావచ్చును, వంటింటి గడపకడ కూర్చుండు పిల్లి కావచ్చును. రేషను కార్డులో దాని పేరుండదు. యజమాని జీతము ఆగినదని దానికి తెలియదు. పిల్లలకు మాత్రము అది ఇంటివారిలో ఒకటి.

చేతిలో డబ్బు తక్కువైనపుడు అట్టి ప్రాణి పోషణలో దేనిని మానవచ్చును, దేనిని మానరాదు, ఎవరిని ఆశ్రయింపవలెను అను విషయములను తలిదండ్రులకు వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. తక్కువ ధనముతో పెంపుడు జంతువును కాపాడుట సాధ్యమే. కాని ఉన్న ధనమును ఏ వరుసలో వెచ్చింపవలెనో ముందుగా తెలిసియుండవలెను.

ఖర్చు యొక్క స్వరూపము

జంతువుల పోషణకగు ఖర్చు రెండు విధములు. మొదటిది దినదినము జరుగు తిండి ఖర్చు. ఇది ఇంతయని ముందే తెలియును, కొంతవరకు తగ్గించుటకును వీలగును. రెండవది వ్యాధి వలన వచ్చు ఖర్చు. ఇది చెప్పి రాదు. వచ్చినపుడు నెల జీతములో పెద్ద భాగమును ఒక్క వారములో హరింపగలదు. ఈ రెండవ దానిని అదుపులో నుంచునవి టీకాలు, నులిపురుగుల మందు, శుభ్రత.

సామాన్యముగా జరుగునది దీనికి విరుద్ధము. అంగడిలో దొరకు బిస్కత్తులను పిల్లలు కోరుదురు గనుక అవి సాగుచునే యుండును. టీకా వేయించినందున కంటికి కనబడు ఫలము లేదు గనుక దానిని మానివేయుదురు. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యన నిదియే.

మానరాని ఖర్చు

అన్నింటికంటె ముందు నిలుచునది రేబిస్ టీకా. ఇది కుక్క కొఱకే కాదు, ఇంటి పిల్లల కొఱకు కూడ. వెఱ్ఱికుక్క కాటు వలన వచ్చు ఈ వ్యాధి లక్షణములు మనుష్యునియందు బయలుపడిన పిమ్మట మరణము దాదాపు నిశ్చయము. 5 మొదలు 14 ఏండ్ల లోపు బాలబాలికలు తఱచుగా దీని వాత బడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగనే మొదటి టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువునకు మఱల వేయించి, అటుపిమ్మట ఏటేట వేయించవలెను.

1885వ సంవత్సరము జూలై 6వ తేదీన లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ అను బాలునకు ఈ వ్యాధికి విరుగుడుగా మొదటిసారి టీకా ఇచ్చెను. ఆ జూలై 6వ తేదీని, పాశ్చర్ మరణించిన సెప్టెంబరు 28వ తేదీని పురస్కరించుకొని మన దేశమున అనేక పశువైద్యశాలలలో పెంపుడు జంతువులకు ఉచితముగా రేబిస్ టీకాలు వేయుదురు. ఆ తేదీలు రాకముందే సమీప వైద్యశాలలో విచారించి యుంచుకొన్నచో ఈ ముఖ్యమైన ఖర్చు చాలవఱకు తప్పును. అయితే అంతకు ముందే టీకా గడువు వచ్చినచో ఆ తేదీ కొఱకు ఆగరాదు.

కుక్క కాటునకు గుఱియైన బిడ్డ తిట్టుదురను భయముతో ఆ సంగతిని దాచవచ్చును. అట్లు దాచకుండునట్లు ముందే ధైర్యము చెప్పియుంచవలెను. కఱచినను, గోటితో గీరినను, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి కొనిపోవలెను. గాయముపై కారము, సున్నము, ఆకుపసరు పెట్టరాదు. మన ఇంటి కుక్కయే కదా యని ఉపేక్షింపరాదు.

రెండవది పార్వో అను వ్యాధికి టీకా. 1978వ సంవత్సర ప్రాంతమున లోకమునకు తెలియవచ్చిన ఈ వ్యాధి కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనములు కలిగించి కొలది దినములలో ప్రాణము తీయును. చికిత్స యనగా దినముల తరబడి సెలైను ఎక్కించుట; అయినను అన్నియు బ్రతుకవు. టీకాలు ఆఱు మొదలు ఎనిమిది వారముల వయసున ప్రారంభించి, పదునాఱు వారములు నిండువఱకు మూడు నాలుగు వారముల కొకసారి వేయుదురు. వాని మొత్తము ఖర్చు ఆ చికిత్సకగు ఖర్చులో చిన్న భాగము మాత్రమే.

మూడవది నులిపురుగుల మందు. ఇది స్వల్ప వ్యయముతో లభించును. కుక్క ప్రేగులలోని కొన్ని పురుగుల గ్రుడ్లు మట్టి ద్వారా ఆటలాడు పిల్లల కడుపులోనికి పోవును గనుక దీనిని కూడ మానరాదు. నాలుగవది పిడుదులను, అనగా గోమార్లను ఏరివేయుట. ఇవి కుక్క రక్తమును పీల్చుటయే గాక జ్వరములను కూడ అంటించును. దినమునకు పది నిమిషములు చెవుల వెనుక, వ్రేళ్ల నడుమ చూచి తీసివేయుటకు శ్రద్ధ యొక్కటియే చాలును. మందు పూయవలసి వచ్చినచో వైద్యుని అడిగియే పూయవలెను. కుక్కలకు వాడు కొన్ని మందులు పిల్లులకు విషములు.

ఆహార విషయము

అంగడిలో అమ్ము డబ్బా ఆహారము లేనిదే కుక్క బ్రతుకదను మాట నిజము కాదు. ఇంట వండిన అన్నములో ఉడికించిన గ్రుడ్డుగాని, మాంసపు ముక్కలుగాని, కొంత గుమ్మడికాయ, క్యారట్టు వంటివిగాని కలిపి పెట్టవచ్చును. ఉప్పుకారములు కలుపక ముందే దాని వంతు తీసి వేఱుగ నుంచవలెను. కేవలము అన్నము, చారు పెట్టి ఏడాది గడుపుట మాత్రము పొదుపు కాదు. బలహీనత వలన వచ్చు రోగములు ఆ మిగులును తినివేయును.

పిల్లి సంగతి వేఱు. పెరుగన్నముతో మాత్రమే అది ఆరోగ్యముగా నుండజాలదు. మాంసములోను, చేపలలోను ఉండు టారిన్ అను పదార్థము పిల్లికి అత్యవసరము. అది కొఱవడినచో చూపు, గుండె చెడును. చవుకగా దొరకు చిన్న చేపలను ఉడికించి, ముండ్లు తీసి పెట్టినచో ఆ లోటు తీఱును.

ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్ వీనిని పెట్టరాదు. ఉడికిన ఎముకలు చీలి గొంతులోను, ప్రేగులలోను గ్రుచ్చుకొనును. ఒక్క ఎముక కొఱకు శస్త్రచికిత్స ఖర్చు తెచ్చుకొనుట తగదు.

సంతాన నిరోధము

ఒక ప్రాణిని పోషించుటయే భారమైనచోట ఐదాఱు పిల్లలు పుట్టినచో గృహస్థునకు దిక్కు తోచదు. ఆడుకుక్క చూలు కాలము 63 దినములు మాత్రమే. పిల్లలను ఎవరును తీసికొనక పోవుటచే వీధిపాలు చేయుట అంతటను చూచుచునే యున్నాము. ఆడుకుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స ఒక్కసారి అగు ఖర్చు. దాని వలన గర్భాశయమున చీము పట్టు ప్రాణాంతక వ్యాధి కూడ తప్పును. పెంపుడు జంతువులకు టీకాలు, నులిపురుగుల మందు, సంతాన నిరోధము యజమాని బాధ్యతలేయని 2023లో కేంద్ర ప్రభుత్వము చేసిన జంతు సంతాన నియంత్రణ నిబంధనలు చెప్పుచున్నవి.

వైద్యశాలకు పోవునపుడు

ప్రభుత్వ పశువైద్యశాలను ఆవులకు, గేదెలకు మాత్రమే ఉద్దేశించినదని తలచి అనేకులు అటు పోరు. దాని పేరులోని ‘పశు’ శబ్దమే ఈ భ్రమకు కారణము. కుక్కలకు, పిల్లులకు కూడ అక్కడ ఉచితముగానో, స్వల్ప రుసుముతోనో చికిత్స జరుగును. తమిళనాట దానిని ‘కాల్‌నడై మరుత్తువమనై’ అందురు. కన్నడ సీమలో ‘పశు ఆస్పత్రె’. మహారాష్ట్రమున ‘పశువైద్యకీయ దవాఖానా’. ఒడిశాలో ‘ప్రాణి చికిత్సాలయ’. పెద్ద వ్యాధులకు పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఆశ్రయింపదగినవి. చెన్నపట్టణమున వేపేరిలోను, బెంగుళూరున హెబ్బాళలోను, ముంబయిలో పరేలులోను, భువనేశ్వరమునందును అట్టి కళాశాలలు కలవు. యానాము వారికి పుదుచ్చేరి మిక్కిలి దూరము, కాకినాడ సమీపము.

వైద్యునితో మాటలాడునపుడు సంకోచము పనికిరాదు. “అయ్యా, మేము ఇంతవఱకు మాత్రమే ఖర్చు పెట్టగలము. ఏ పరీక్ష తప్పనిసరి? ఏది తరువాత చేయించవచ్చును?” అని చికిత్సకు ముందే అడుగుటలో చిన్నతనము లేదు. ఆ మాట వినిన వైద్యుడు చవుక మందును సూచింపగలడు. సిగ్గుపడి ఊరకుండి, సగములో చికిత్స మానుటయే నిజమైన నష్టము.

ఇంటిలో మనుష్యులకై తెచ్చిన మాత్రలను జంతువులకు ఎన్నడును వేయరాదు. జ్వరమునకు మనము వాడు పారాసెటమాలు పిల్లి ప్రాణము తీయును. నొప్పులకు వాడు ఐబూప్రొఫెన్ కుక్కకు కూడ హాని చేయును.

టీకాల తేదీలు, బరువు, వాడిన మందులు ఒక పుస్తకములో వ్రాసి యుంచినచో చేసిన పరీక్షలే మఱల చేయింపవలసిన పని యుండదు. ఈ పనిని పిల్లలకు అప్పగింపవచ్చును. ఇంట తెలుగున వ్రాసికొన్న దానిని వైద్యశాలలో ఆ రాష్ట్ర భాషలో చెప్పుట మన పిల్లలకు రెండు భాషలయందును మంచి అభ్యాసము. కలిగిన దినములలో రోజునకు 5 రూపాయల చొప్పున ఒక డబ్బాలో వేసినచో ఏడాదికి 1,825 రూపాయలగును. దానిని లెక్క కట్టుటయు వారి పనియే.

విడిచిపెట్టుట పొదుపు కాదు

ఎంత ప్రయత్నించినను సాగని దశ కొందఱికి రావచ్చును. అప్పుడు సంచిలో కట్టి ఊరవతల విడుచుట పరిష్కారము కాదు. ఇంట పెరిగిన కుక్కకు వీధిలో తిండి వెదకుకొనుట తెలియదు. అక్కడి కుక్కలు దానిని బ్రతుకనీయవు. ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును నిష్కారణముగా విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము. రాజ్యసభలో శ్రీమతి రుక్మిణీదేవి అరుండేలు చేసిన కృషి ఫలితముగా ఆ చట్టము వచ్చినది. దాని క్రింద 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడినది. ప్రాణులయెడ కరుణ పౌరుల ప్రాథమిక విధియని 1976లో రాజ్యాంగమున కూడ చేర్చిరి.

భయముతో తొందరపడి చేయు నిర్ణయము ఎట్టిదో చరిత్ర చూపుచున్నది. 1939 సెప్టెంబరులో యుద్ధము ప్రారంభము కాగానే, బాంబులు పడునని, తిండి కఱవగునని తలచి లండను వాసులు ఒక్క వారములో లక్షల సంఖ్యలో తమ కుక్కలను, పిల్లులను చంపించిరి. వారు భయపడిన బాంబులు పిమ్మట అనేక మాసముల వఱకు ఆ నగరముపై పడలేదు. అదే లండనులో, అంతకు ముందు యుద్ధకాలమున, 1917లో మేరియా డికిన్ అను స్త్రీ పేదవారి పేటయైన వైట్‌చాపెల్‌లో ఒక నేలమాళిగయందు జంతువులకు ఉచిత చికిత్సాలయము తెఱచెను. కాలము రెండుసార్లును కష్టమైనదే. భేదమంతయు మనుష్యులు చేసిన ఆలోచనలోనిదే. మన దేశమున 2020లో జీతములు ఆగిన దినములలో, జంతువుల వలన కరోనా వచ్చునను వదంతిని నమ్మి పలువురు తమ కుక్కలను వీధిలో విడిచిరి. అదే సమయమున వీధి కుక్కలకు అన్నము పెట్టిన వారును ఉండిరి.

కావున పోషింపలేనివారు బంధుమిత్రులలో ఇష్టపడువారిని వెదకి అప్పగింపవలెను. టీకాలు వేయించి, సంతాన నిరోధము చేయించిన ప్రాణిని తీసికొనుటకు ఎక్కువ మంది ముందుకు వత్తురు. చెన్నపట్టణమున 1959లో స్థాపింపబడిన బ్లూ క్రాస్ వంటి సంస్థల సలహా పొందవచ్చును. ఇరుగు పొరుగు నాలుగిండ్ల వారు కలిసి ఒకేసారి వైద్యుని పిలిపించుకొన్నచో రాకపోకల ఖర్చు కూడ పంచుకొనవచ్చును.

పిల్లలు నేర్చుకొనునది

తిక్కన సోమయాజి తెనిగించిన మహాప్రస్థానిక పర్వమున, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకైనను రానని ధర్మరాజు ఇంద్రునితో చెప్పిన కథను మనము పిల్లలకు చెప్పుచుందుము. కథ చెప్పిన మఱునాడే ఇంటి కుక్కను రహస్యముగా ఊరు దాటించినచో, బిడ్డ మన మాటను నమ్మునా, మన చేతను నమ్మునా? ఇంటి యిబ్బందిని పిల్లలకు ఉన్నదున్నట్లు చెప్పుట మేలు. “ఈ నెల బిస్కత్తులు లేవు, కాని టీకా వేయింతుము” అనిన తండ్రి మాట వలన బిడ్డ పొదుపును, బాధ్యతను ఒక్కసారియే నేర్చుకొనును.

ఇంకను జంతువును తెచ్చుకొననివారు ముందే లెక్క చూచుకొనుట ఉత్తమము. కుక్క పదేండ్లకు పైగా జీవించును. అంతకాలము ఏటేట టీకాలు, దినదినము తిండి సమకూర్పగలమా యని ఆలోచించి, వీలు కానిచో బిడ్డ ఎంత యేడ్చినను ఈ యేడు వద్దనుట దయలేమి కాదు. అట్లు వద్దనిన యింటివారు వాకిట ఒక నీళ్ల తొట్టి యుంచినను, అందు దినమును నీరు మార్చు పని ఆ బిడ్డకు అప్పగించినను, ప్రాణులయెడ చేయవలసిన దానిలో కొంత చేసినవారే యగుదురు.