నలుగురితో నారాయణా?

నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటే మంచి నిర్ణయం వస్తుందని మన నమ్మకం. కాని ఆ నలుగురిలో మనసులో మాట పైకి చెప్పేవారు ఎందరు? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

కొన్నేళ్ళ క్రితం నల్లగొండ పక్కన పానగల్లులో, మా పుట్టింట్లో పెద్దలంతా కూర్చున్నారు. మా అన్నయ్య కూతురు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సంబంధం వచ్చింది. "ఖాయం చేసుకుందాం" అన్నారొకరు. అందరూ తలలూపారు. నాకు ఇష్టం లేదు. అయినా అందరి మొహాలూ చూసి వూరుకున్నాను.

మూలన కూర్చున్న మా మేనత్త మాత్రం "పిల్లనొక్క మాట అడుగుండ్రి" అన్నది. అందరూ నవ్వారు. కాసేపాగి మళ్ళీ అదే మాట. మూడోసారీ అదే. గొంతు పెంచలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు. అప్పటికి నాకు ధైర్యం వచ్చి, "అత్తమ్మ చెప్పింది సబబే" అన్నాను. వెంటనే అన్నయ్య, "నాకూ అట్లనే అనిపిస్తున్నది" అన్నాడు! పిల్లను పిలిచి అడిగితే, చదువు అయ్యేదాకా ఆగమన్నది. ఆగారు.

చూశారా, కన్నతండ్రికే ఇష్టంలేని నిర్ణయం అందరి పేరుమీదా జరిగిపోయేది!

ఎందుకిలా అవుతుంది? 1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని గీతలు చూపించి, ఏది దేనితో సమానమని అడిగాడు. మిగతావాళ్ళంతా, ముందే అనుకున్న ప్రకారం, తప్పు చెప్పారు. అది విని, పరీక్షకు వచ్చిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఒక్కసారైనా ఆ తప్పే చెప్పారు. పక్కన ఒక్కరు నిజం చెబితే చాలు, ఈ తడబాటు బాగా తగ్గింది.

కోర్టుల్లోనూ అంతే. మన దేశంలో పూర్వం జ్యూరీ వుండేది. 1959లో బొంబాయిలో నానావతి హత్య కేసులో తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. జడ్జి ఆ తీర్పు ఒప్పుకోక హైకోర్టుకు పంపారు. 1960లో హైకోర్టు, 1961లో సుప్రీంకోర్టు నేరం రుజువైందన్నాయి. ఎక్కువమంది అన్నంత మాత్రాన న్యాయం కాదన్నమాట.

మరి తక్కువమంది మాట నెగ్గేదెట్లా? 1969లో మోస్కోవిచి ప్రచురించిన పరీక్షలో ఆరుగురిలో ఇద్దరు, నీలిరంగును ఆకుపచ్చ అన్నారు. ప్రతిసారీ అదే మాటమీద వుంటే, మిగతావాళ్ళ జవాబుల్లో నూటికి ఎనిమిది ఆకుపచ్చ అని వచ్చాయి. వాళ్ళు మాట మారిస్తే, ఒకటికి కాస్త పైన. గమనించండి, ఆ ఇద్దరూ చెప్పింది తప్పే! పట్టుదలకు బలం వుంది గాని, పట్టుదలే సత్యం కాదు. అందుకే కారణం కూడా చెప్పాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా వద్దన్నారు. ఎవరేమన్నా ఆ మాట విడవలేదు. వూరూరా ఆడవాళ్ళు గొంతు కలిపారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

ఇక మన ఇంటి సంగతి. పెద్దవాళ్ళు ముందే తీర్పు చెబితే, చిన్నవాళ్ళ నోరు మూతపడుతుంది. అందుకని పెద్దలు చివర మాట్లాడితే మంచిది. వంటింట్లో వున్న కోడల్నీ పిలిచి అడగండి. ఎవరైనా ఒంటరిగా కాదంటే నవ్వకండి, కారణం అడగండి. మీకూ అదే అనిపిస్తే వెంటనే అనండి.

ఆనాడు మా అత్తమ్మ లేకపోతే నేను నోరు విప్పేదాన్ని కాదు. అది తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గే.