43 అడుగుల దగ్గర ఏ గుర్తు?

ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున కుంట అనే ఊరుంది. మ్యాపుల్లో కోంటా అని ఉంటుంది గాని, బజారులో తెలుగు బాగానే వినిపిస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఉప్పొంగితే శబరి నీరు ముందుకు పోలేక వెనక్కు ఎగదన్నుతుంది. 2022 జూలైలో కుంట అలాగే మునిగింది. అప్పుడు భద్రాచలం వద్ద గోదావరి మట్టం 71.3 అడుగులు.

భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. ఈ పని కంప్యూటరుకు అప్పగించామనుకుందాం. దానికి "నీరు బాగా పెరిగింది" అంటే అర్థం కాదు. రెండు విలువలను పోల్చమనాలి. అది నిజం, అబద్ధం అనే రెండే జవాబులు చెబుతుంది.

మట్టం > 43 అని రాశారా? కొలత సరిగ్గా 43.0 అయితే జవాబు అబద్ధం. హెచ్చరిక రాదు. మనకు కావలసింది మట్టం >= 43, అంటే "పెద్దది లేదా సమానం". > గుర్తు థామస్ హారియట్ 1631 నాటి పుస్తకంతో లోకానికి తెలిసింది. అయినా పాత ఫోర్ట్రాన్‌లో దాని బదులు అక్షరాలు రాసేవారు. కార్డులకు చిల్లులు పొడిచే యంత్రాల మీద ఆ గుర్తే లేదు మరి!

ఇక వరుస. ముందుగా "మట్టం >= 43 అయితే మొదటి హెచ్చరిక, లేకపోతే మట్టం >= 48 అయితే రెండవది" అని రాస్తే, 71.3 అడుగుల నాడు కూడా మొదటి హెచ్చరికే వస్తుంది. మొదటి ప్రశ్నకే "నిజం" అని జవాబు దొరకడంతో కంప్యూటరు మిగతావి చూడదు. పోలికలో తప్పేమీ లేదు, ఫలితమే తప్పు. కాబట్టి 53తో మొదలుపెట్టి కిందికి దిగాలి.

సి భాషలో మరో చిక్కు. సమానమా అని అడగడానికి == రాయాలి. ఒక్క = రాస్తే అది ప్రశ్న కాదు, ఆజ్ఞ. మట్టం = 53 అన్నారంటే కంప్యూటరు మీరు ఇచ్చిన కొలతను చెరిపేసి 53 పెట్టుకుంటుంది, ఆపైన "నిజం" అంటుంది. ఈ పొరపాటు ఒక్కసారైనా చేయని ప్రోగ్రామరు నాకింతవరకు తారసపడలేదు.

అన్నిటికన్నా విచిత్రమైనది ఇది. కొలతలను సంఖ్యలుగా కాక అక్షరాలుగా దాచితే, కంప్యూటరు నిఘంటువులో మాటల్లా మొదటి అక్షరాన్నే ముందు పోలుస్తుంది. 5 కన్నా 9 పెద్దది గనుక "9.5" కూడా "53" కన్నా పెద్దదైపోతుంది. ఇసుక తేలిన వేసవిలో మూడవ హెచ్చరిక! కొలతను సంఖ్యగా మార్చాకే పోల్చాలి.

మీ ప్రోగ్రాముకు 42.9, 43.0, 43.1 ఇచ్చి చూడండి. 48, 53ల దగ్గరా అంతే.